గుడి ఆవరణలోని మన బడి: 2024-25 వార్షిక నివేదిక

మన క్రైస్తవ సంఘ సభ్యులకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు వందనాలు.

ఏటా ఈ నివేదికలో చేసిన పనుల చిట్టా చదివేవాళ్లం. ఈసారి కార్యవర్గ సభ్యులు వంతులవారీగా వెళ్లి తరగతుల్లో వెనక వరుసన కూర్చున్నారు, పిల్లలతో కలిసి భోంచేశారు, హాజరు పట్టీలు తిరగేశారు. కనిపించినది కనిపించినట్టు మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదువుతారు.

ఈ బడికి ఉన్న పెద్ద బలం, పిల్లల ఇళ్లు ఎరిగిన టీచరుగారు. ప్రార్థన ముగిసేసరికి ఒక బిడ్డ రాలేదంటే మరో బిడ్డను ఇంటికి పంపి కారణం కనుక్కుంటారు. జ్వరమైతే సాయంత్రం తానే వెళ్లి చూస్తారు. ఇది నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదు. 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హయ్యర్‌గారు గుంటూరు వచ్చి బడులు మొదలుపెట్టాక లూథరన్ మిషన్ మన పల్లెల్లో గుడినీ బడినీ ఒకే కప్పు కింద నడిపింది. వారమంతా అక్షరాలు దిద్దించిన పంతులుగారే ఆదివారం వాక్యం చెప్పేవారు. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని మాల, మాదిగ పిల్లల చేత పలక పట్టించింది ఆ పూరిపాకలే. మన తాతల్లో ఎందరో వేలిముద్ర మాని సంతకం పెట్టగలిగారంటే ఆ చలవే.

అందుకే ఈ తర్వాతి సంగతి నాకు మరీ బాధ కలిగించింది. ఉదయం ప్రార్థనలో మూడో తరగతి పిల్లలు కీర్తనల పుస్తకం తెరిచి ఒక్క మాట తప్పకుండా పాడతారు. విని మురిసిపోతాం. ఒకరోజు మా సభ్యురాలు పాట అయ్యాక అదే పేజీలో ఒక చరణం మధ్య వేలు పెట్టి, ఇక్కడ చదవమ్మా అన్నారు. ఆ పాప పల్లవి నుంచి మళ్లీ పాడుకుంటూ వచ్చింది గానీ వేలు ఉన్న మాట చదవలేకపోయింది. పక్క పిల్లవాడూ అంతే. అంతా కంఠస్థం. పుస్తకం చేతిలో ఉందన్న మాటే.

ఆ తర్వాత ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి అక్షరం, పదం, చిన్న వాక్యాలు, చిన్న కథ వరుసగా చదివించాం. గుణింతం దాకా బాగానే వస్తున్నారు. వత్తులు, సంయుక్తాక్షరాలు రాగానే నాలుగో తరగతి పిల్లలు కూడా ఆగిపోతున్నారు. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. మనం ఇంకా దూరంగానే ఉన్నాం.

తప్పు టీచరుగారిది కాదని గట్టిగా చెబుతున్నాను. ఐదు తరగతులకు ఆమె ఒక్కరే. మన బడిలాంటి ఎయిడెడ్ సంస్థలను, అంటే ప్రభుత్వ సాయంతో నడిచే ప్రైవేటు సంస్థలను, ప్రభుత్వానికి అప్పగించే విషయం 2021 ఆగస్టులో ముందుకు వచ్చినప్పుడు ఈ బడి ఉంటుందా అని మనమంతా కలవరపడ్డాం. ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే వీలు ఆ నవంబరులో దొరికింది. బడి నిలిచింది, విరమణ చేసిన మాస్టారి స్థానం మాత్రం ఖాళీగానే ఉంది. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా ఆ లెక్కను మనకు మనమే నియమంగా పెట్టుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. కోత పండుగ వేలం సొమ్ముతో, స్త్రీల సమాజం ఇంటింటా తీసే పిడికెడు బియ్యం అమ్మిన డబ్బుతో, మన ఊరి డిగ్రీ చదివిన అమ్మాయిని నియమించాం. మధ్యాహ్న భోజనం తర్వాత గంటసేపు చదివించడమే ఆమె పని. కొందరు పిల్లలు వత్తులు దాటారు. అందరూ కాదు.

భోజనం బాగుంది. మరుగుదొడ్డి బాగాలేదు. గది ఉంది, తలుపు ఉంది, కుళాయికి నీళ్లు ఎక్కవు. ఆడపిల్లలు దాహమైనా నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఓర్చుకుంటున్నారని భోజనాల దగ్గర తెలిసింది. వచ్చే ఏడాది మొదటి ఖర్చు దీనికే. ప్రహరీకి రంగులు వేయాలన్న ప్రతిపాదన అప్పటిదాకా ఆగుతుంది.

మరో మాట. మన బడికి క్రైస్తవేతర కుటుంబాల పిల్లలూ వస్తున్నారు. ప్రభుత్వ సాయం పొందే బడిలో ప్రార్థనకు పిల్లలను నిలబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. ఇన్నాళ్లూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, మనమూ అడగలేదు. ఇకపై చేర్చుకునే రోజునే అడిగి రాయించుకుంటాం. వద్దన్నవారి పిల్లలు ఆ సమయంలో గ్రంథాలయ మూలలో బొమ్మల కథలు చదువుకుంటారు. పాస్టరుగారు దీనికి సంతోషంగా ఒప్పుకున్నారు.

చివరగా మిర్చి కోతలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్ల ఎదుట ఖాళీలు పెరుగుతాయి. తల్లి చేనికి వెళితే చంటిబిడ్డను ఎత్తుకునేది అక్కే. సరిగ్గా చదువు పట్టుబడే నెలల్లో ఆ అక్క బడికి దూరమవుతోంది. గుడి వరండాలో చంటిపిల్లలను ఉంచితే చూసుకుంటామని ఇద్దరు అమ్మమ్మలు ముందుకు వచ్చారు. కనీసం నలుగురైనా కావాలి. ఉయ్యాలలకు పాత చీరలు, పిల్లల పాలకు రోజువారీ ఖర్చు కూడా అవసరం. పేర్లు ఇవ్వదలచినవారు ఈ సమావేశం ముగిశాక స్త్రీల సమాజం బల్ల దగ్గర రాయించండి.