తాత ఓటరు చీటీ మీది హన్మకొండ

హన్మకొండ

చిరంజీవి సౌమ్యకు నాన్న ఆశీస్సులు.

పోయిన ఆదివారం బాపమ్మ ఇనుప పెట్టె సర్దుతుంటే తాత దాచుకున్న ఓటరు చీటీ ఒకటి బయటపడింది. మడతల దగ్గర చిరిగి పసుపు పచ్చగా మారిన ఆ కాగితం మీద తాత పేరు, ఇంటి నంబరు, వరుస సంఖ్య, వాటన్నిటికీ పైన "హన్మకొండ లోక్‌సభ నియోజకవర్గం" అన్న అచ్చు అక్షరాలు ఉన్నాయి. ఫోటో పంపగానే, తెలంగాణలోని 17 లోక్‌సభ స్థానాలలో ఆ పేరు లేదేమిటని అడిగావు. ఆ ప్రశ్నకు తీరికగా జవాబు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లోక్‌సభకు ఒక సభ్యుణ్ణి ఎన్నుకోవడానికి కొన్ని ఊళ్లను, పట్టణాలను కలిపి పటం మీద ఒక హద్దు గీస్తారు. ఆ హద్దు లోపలి ప్రాంతమే నియోజకవర్గం. 1977లో హన్మకొండ నుంచి గెలిచినవారు పి.వి. నరసింహారావు గారు. ఆయన పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, దత్తత వెళ్లింది వంగరకు. కాబట్టి ఈ ప్రాంతానికి ఆయన ఇంటి మనిషే. ఆ ఏడాది దేశం మొత్తం మీద కాంగ్రెస్ ఓడిపోయినా, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 ఆ పార్టీకే దక్కాయి. 1980లో పి.వి. గారు ఇక్కడ మళ్లీ గెలిచి విదేశాంగ మంత్రి అయ్యారు.

ఇక 1984 డిసెంబరు ఎన్నికల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ నియోజకవర్గం పేరు దేశమంతా మారుమోగింది అప్పుడే. ఇందిరా గాంధీ గారి హత్య తరువాత జరిగిన ఆ ఎన్నికలలో కాంగ్రెస్‌కు 400కు పైగా స్థానాలు వచ్చాయి. భారతీయ జనతా పార్టీకి వచ్చినవి రెండే రెండు: ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది మన హన్మకొండ. ఇక్కడ చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో ఓడిపోయింది సాక్షాత్తూ కేంద్ర హోంమంత్రిగా ఉన్న పి.వి. గారు. అదే ఎన్నికలలో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచినందువల్ల ఆయన లోక్‌సభకు వెళ్లగలిగారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తాత రేడియోను చెవికి ఆనించుకుని కూర్చోవడం, వాకిట్లో గుమిగూడిన వాళ్లు ఆ ఫలితం విని చాలాసేపు నమ్మలేకపోవడం నాకింకా గుర్తుంది. 1977లోనూ, 1984లోనూ దేశం ఒక దారిన నడిస్తే మన హన్మకొండ మరో దారిన నడిచిందని గమనించావా? ఎంత పెద్ద నాయకుడైనా ఈ స్థానాన్ని సొంత ఆస్తి అనుకోలేకపోయాడు. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది.

తరువాత 1989, 1991, 1996లలో కమాలుద్దీన్ అహ్మద్ గారు, 1998, 1999లలో తెలుగుదేశం నుంచి చాడ సురేశ్ రెడ్డి గారు గెలిచారు. 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి నుంచి గెలిచిన బి. వినోద్ కుమార్ గారు ప్రత్యేక రాష్ట్రం కోసం రాజీనామా చేసి, 2008 ఉప ఎన్నికలో మళ్లీ గెలిచారు. హన్మకొండ పేరుతో జరిగిన చివరి లోక్‌సభ ఎన్నిక అదే.

జనం అన్నిచోట్లా ఒకేలా పెరగరు కనుక, ప్రతి సభ్యుడి వెనుక దాదాపు సమాన సంఖ్యలో ప్రజలు ఉండేలా హద్దులను తిరిగి గీస్తారు; దీనినే నియోజకవర్గాల పునర్విభజన అంటారు. 2001 జనాభా లెక్కల ఆధారంగా గీసిన కొత్త హద్దులు 2009 ఎన్నికల నుంచి అమలయ్యాయి. రాష్ట్రానికి ఉన్న స్థానాల సంఖ్యను పెంచకూడదన్న నియమం ఉన్నందువల్ల, మల్కాజిగిరి, చేవెళ్ల, భువనగిరి, జహీరాబాద్ వంటి కొత్త పేర్లు రావాలంటే కొన్ని పాత పేర్లు పోక తప్పలేదు. అలా సిద్దిపేట, మిర్యాలగూడలతో పాటు హన్మకొండ కూడా పోయింది. మన పట్టణం వరంగల్ లోక్‌సభ స్థానంలో కలిసింది, ఆ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయింది. శాసనసభ నియోజకవర్గం పేరు కూడా వరంగల్ పశ్చిమగా మారింది. బాపమ్మ ఇల్లు కదలలేదు, వాకిట్లోని వేపచెట్టూ కదలలేదు, ఆమె ఓటు మాత్రం వేరే పేరు కిందికి వెళ్లింది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హన్మకొండ అని పేరు పెట్టినప్పుడు, "మన పేరు మనకు వచ్చింది" అని ఆమె ఎంత సంతోషించిందో నాకు తెలుసు.

ఆ చీటీని నీ అట్లాసులో తెలంగాణ పటం ఉన్న పేజీలో భద్రంగా పెట్టాను. బతుకమ్మ సెలవులకు వచ్చినప్పుడు బాపమ్మ దగ్గర కూర్చుని 1984 ముచ్చట అడుగు. ఓటర్ల వరుసలో ఎంతసేపు నిలబడిందో, వేలి మీది సిరా ఎన్నాళ్లకు పోయిందో అంతా చెబుతుంది. ఎవరికి ఓటు వేసిందో మాత్రం తాతకు కూడా చెప్పలేదు, నువ్వు అడిగినా చెప్పదు.

ప్రేమతో,
నాన్న