జనవరి 12న మీ టీ.నగర్ షాపులో మాకు అమ్మిన హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ గురించి ఫిర్యాదు

చెన్నై,
2008 మార్చి 29.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారమండీ. మేము వడపళనిలో ఉంటాం. సంక్రాంతికి ముందు, జనవరి 12 శనివారం సాయంత్రం మీ టీ.నగర్ షాపులో ఒక హెచ్‌డీ డీవీడీ ప్లేయరు, దాంతో పాటు ఆరు డిస్కులు కొన్నాం. ప్లేయరు 18,500, డిస్కులు ఒక్కోటి 1,600 లెక్కన 9,600, మొత్తం 28,100 రూపాయలు, బిల్లు జిరాక్సు దీనికి జత చేశా. ప్లేయరు చెడిపోయిందని రాయట్లేదు సార్, ప్లేయరు బాగానే ఉంది, ఇప్పుడు ఆన్ చేసినా తిరుగుతుంది. నా ఫిర్యాదల్లా ఒకటే, మీరు మాకు అమ్మిన రోజుకి ఎనిమిది రోజుల ముందే ఆ ఫార్మాట్, అంటే హెచ్‌డీ డీవీడీ అనే డిస్కు రకం, పని అయిపోయింది, అది మీకు తెలుసు, తెలిసి కూడా పండగ ఆఫర్ అని బోర్డు పెట్టి మాకు అంటగట్టారు.

మొత్తం చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు ముప్పై ఏళ్ళ పైన ఇక్కడే వడపళనిలో ఒక సినిమా ల్యాబులో గ్రేడింగ్ సెక్షన్‌లో పనిచేశారు, అంటే ప్రింటు వేసే ముందు సీను సీనుకీ రంగులు సరిచేసే పని. రిటైరయ్యాక కళ్ళకి శుక్లాలొచ్చి టీవీ చూడటమే మానేశారు. నవంబర్‌లో రెండో కంటి ఆపరేషన్ కూడా అయింది, కట్టు విప్పిన రోజు ఇంటికొస్తూ ఆటోలోంచి సిగ్నల్ లైటు చూసి "ఎరుపు ఇంత ఎర్రగా ఉంటుందని మర్చేపోయాన్రా" అన్నారు. అప్పుడనుకున్నా, ఈయనకి ఇంట్లోనే మంచి పిక్చర్ చూపించాలని. అంతకుముందు దీపావళికే 32 అంగుళాల ఎల్‌సీడీ టీవీ కొని ఉన్నాం, మామూలు డీవీడీ దాంట్లో వేస్తే మొహాలు మెత్తగా అలికేసినట్టుంటాయి, ఆయన రెండు నిమిషాలు చూసి లేచి వెళ్ళిపోయేవారు.

మీ షాపుకొచ్చింది అందుకు. వచ్చేముందు నేను ఏమీ తెలుసుకోకుండా రాలేదు, మామూలు డీవీడీ కంటే స్పష్టంగా పిక్చర్ చూపించే కొత్త డిస్కులు రెండు రకాలున్నాయని పేపర్లో చదివా, బ్లూ-రే ఒకటి, హెచ్‌డీ డీవీడీ ఒకటి, దాని డిస్కు దీంట్లో ఆడదు దీని డిస్కు దాంట్లో ఆడదు అని తెలుసు. అందుకే మీ సేల్స్ అబ్బాయిని అదే అడిగా, తమ్ముడూ రెంట్లో ఏది తీసుకోమంటావ్, రేపు ఏది ఉంటుంది అని. అతను చాలా బాగా మాట్లాడాడు, నెల్లూరు వైపు అబ్బాయనుకుంటా, తెలుగులోనే చెప్పాడు. సార్ రెంటి పిక్చరూ ఒకటే సార్, బ్లూ-రే ముప్పై వేల పైమాటే, ఊరికే డబ్బులెక్కువ పెట్టడం తప్ప ఏం లేదు అన్నాడు. దీనికి రీజియన్ లాక్ లేదు సార్, అమెరికా డిస్కైనా ఆడుతుంది, దానికైతే లాకుంది అన్నాడు. పాత డీవీడీలు కూడా దీంట్లోనే వేసుకోవచ్చన్నాడు. ఇది అమెరికా పీస్ సార్, అక్కడ ఇదే ఎక్కువ చవక, జనం ఇదే కొంటున్నారన్నాడు.

ఇంటికొచ్చాక, అంటే తర్వాత్తర్వాత, ఒక్కో మాటా నేను సరిచూసుకున్నా. బాధేంటంటే ఆ అబ్బాయి చెప్పినవి దాదాపు అన్నీ నిజాలే. రెండూ 405 నానోమీటర్ల నీలం లేజర్‌తోనే చదువుతాయి, మామూలు డీవీడీది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, కిరణం సన్నదైతే గీతలు దగ్గర దగ్గరగా వేయొచ్చు కాబట్టి ఎక్కువ డేటా పడుతుంది, అంతే కిటుకు. తేడా ఏంటంటే డేటా ఉండే పొర బ్లూ-రేలో పైనుంచి 0.1 మిల్లీమీటర్ లోతులో ఉంటుంది, హెచ్‌డీ డీవీడీలో పాత డీవీడీ లాగే 0.6 మిల్లీమీటర్ లోతులో. అందుకని బ్లూ-రేలో ఒక పొరకి 25 జీబీ పడితే దీంట్లో 15 పడుతుంది, రెండు పొరలైతే 50కీ 30కీ. బదులుగా హెచ్‌డీ డీవీడీ డిస్కుల్ని పాత డీవీడీ ఫ్యాక్టరీల్లోనే చిన్న మార్పులతో చేసుకోవచ్చు, చవక అందుకే. వీడియో పెట్టే పద్ధతులు రెంట్లోనూ అవే, అంటే సోఫాలో కూర్చుని చూసే మనిషికి తేడా తెలియదు. అసలు ఈ పాటి తేడాకి ప్రపంచంలో జనాన్ని రెండు ముక్కలు చేయాల్సిన అవసరం ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2005లో బ్లూ-రే వైపున్న సోనీ, హెచ్‌డీ డీవీడీ వైపున్న తోషిబా కూర్చుని ఒకే ఫార్మాట్ చేద్దామని మాట్లాడుకున్నాయంట, కుదర్లేదంట, వాళ్ళకి కుదరనందుకు డబ్బులు పోగొట్టుకునేది మనలాంటోళ్ళు.

సరే, నేను అడిగిన అసలు ప్రశ్నకి, రేపు ఏది ఉంటుందన్న దానికి, ఆ అబ్బాయి జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకి జవాబు అప్పటికే వచ్చేసి ఉంది.

జనవరి 4 శుక్రవారం హాలీవుడ్ సినిమా కంపెనీ వార్నర్ బ్రదర్స్ వాళ్ళు ఇకమీదట బ్లూ-రే మాత్రమే, హెచ్‌డీ డీవీడీలు మే నెలాఖరు దాకా వేసి ఆపేస్తాం అని ప్రకటించారు. ఇది చిన్న విషయం కాదు, అది మీకు నాకంటే బాగా తెలుసు. అప్పటికి సోనీ, డిస్నీ, ఫాక్స్ బ్లూ-రే వైపు, యూనివర్సల్, పారామౌంట్ హెచ్‌డీ డీవీడీ వైపు, వార్నర్ ఒక్కరే పెద్దవాళ్ళలో రెండు రకాలూ వేస్తున్నారు. తక్కెడ మధ్యలో నిలబడ్డది వాళ్ళొక్కరే, వాళ్ళు అటు దిగగానే ఇటు పళ్ళెం గాల్లోకి లేచిపోయింది. ప్లేయర్ ఎంత బాగున్నా సినిమాలు రాకపోతే దాన్నేం చేసుకుంటాం. మేం కొన్న రెండో రోజున, జనవరి 14న, అమెరికాలో తోషిబా వాళ్ళు రేట్లు సగానికి కోసేశారు, చిన్న మోడల్ 150 డాలర్లు, అంటే మన లెక్కలో ఆరు వేలు. నేను పద్దెనిమిదిన్నర వేలు పోసి మోసుకొచ్చిన పెట్టె అదే మోడల్. కొరియరూ కస్టమ్సూ మీ లాభమూ అన్నీ వేసుకున్నా మూడు రెట్లు అవుతుందా సార్?

పండగ మర్నాడు మా బావమరిది న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి మాటల్లో "బావా, ఏది కొన్నా ఆ హెచ్‌డీ డీవీడీ జోలికి మాత్రం పోకు" అన్నాడు. నేను ఏం మాట్లాడలేదు. పక్కన నాన్నగారు ఉన్నారు.

తర్వాతవి మీరూ చూసే ఉంటారు. ఫిబ్రవరి 11న అమెరికాలో డిస్కులు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్, 15న అక్కడి పెద్ద షాపుల కంపెనీ వాల్‌మార్ట్ ఇక బ్లూ-రే మాత్రమేనని చెప్పేశాయి, 19న తోషిబానే తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది, ఆ వారంలోనే యూనివర్సల్, పారామౌంట్ కూడా అటు వెళ్ళిపోయాయి. ఆ కంపెనీని నేనేమీ అనను, ఓడిపోయాం అని నలుగురిలో చెప్పి తప్పుకుంది. మీరు అది కూడా చేయలేదు.

ఫిబ్రవరి 24 ఆదివారం పెట్టె తీసుకుని మీ షాపుకొచ్చా. కౌంటర్ దగ్గర ముప్పావు గంట నిలబెట్టారు. మీ బ్రాంచి మేనేజర్ గారు బిల్లు వెనక్కి తిప్పి "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర చూపించారు, పోనీ డీవీడీలు వేసుకోండి సార్ పాత డీవీడీలు కూడా దీంట్లో భలే కనిపిస్తాయి అని సలహా ఇచ్చారు. ఆ సలహా సంగతి కూడా వినండి. ఇది అమెరికా పీసు, డీవీడీల వరకు దీనికి రీజియన్ 1 లాకుంది, మన దేశం రీజియన్ 5. ఇక్కడ షాపులో కొన్న ఒరిజినల్ ఇంగ్లీష్ డీవీడీ వేస్తే రీజియన్ తప్పు అని చూపించి డిస్కు బయటికి తోసేస్తోంది. లాకు లేనిది హెచ్‌డీ డీవీడీలకి మాత్రమే, అవి ఇక రావు. ఇంకోటి, అది 110 వోల్టుల మెషీను, మీరిచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెట్టి నడపాలి, ఆ డబ్బా ఆన్ చేసినప్పట్నుంచి తుమ్మెద రొదలా గుయ్యిమంటూనే ఉంటుంది, అరగంటకి చెయ్యి పెట్టలేనంత వేడి. అయినా డీవీడీలే చూసుకునేదైతే మా ఇంట్లో 2,500 రూపాయల ప్లేయరు ఉంది, మోసర్ బేర్ వాళ్ళు 34 రూపాయలకే డీవీడీ ఇస్తున్నారు, నేను మీ దగ్గర 28 వేలు ఎందుకు పెడతాను?

ఆ రోజు మీ షాపులో నేను చూసిన ఇంకో రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి, తోషిబా చేతులెత్తేసిన ఐదో రోజున కూడా అద్దాల బీరువాలో అవే ప్లేయర్లు ఇంకో రెండున్నాయి, ముందు "ఫ్యూచర్ రెడీ" అని అదే అట్ట. రెండు, బయటికొచ్చేటప్పుడు మీ స్టాఫ్‌లో ఒకరు మెల్లిగా చెప్పిన మాట, సార్ ఈ స్టాకు పండగలోపు ఎలాగైనా క్లియర్ చేయమని మాకు జనవరి 7నే పైనుంచి చెప్పారు అని. ఎవరు చెప్పారని మీరడగొద్దు, నేను చెప్పను, దయచేసి ఆ బ్రాంచిలో ఎవరి మీదా మీ కోపం చూపించకండి, వాళ్ళు జీతానికి చేసేవాళ్ళు. కానీ ఆ మాట విన్నాక ఇది తెలియక జరిగిన పొరపాటని నేను ఎలా అనుకోగలను? 4న ప్రకటన, 7న మీ ఆర్డరు, 12న మా బిల్లు.

నిజం చెప్పి అమ్మి ఉంటే నాకు బాధ ఉండేది కాదు. సార్ ఈ ఫార్మాట్ ఆగిపోయేలా ఉంది, ఆరు వేలకిస్తాం, ఉన్న డిస్కులతో చూసుకుంటామంటే తీసుకోండి అని ఉంటే ఆలోచించుకుని తీసుకునేవాణ్ణో మానేసేవాణ్ణో, అది నా ఇష్టం మీద జరిగేది. ఆ ఇష్టాన్నే మీరు నాకు లేకుండా చేశారు. అమెరికాలో బెస్ట్ బై అనే షాపు వాళ్ళు ఈ నెలలోనే, తమ దగ్గర ఫిబ్రవరి 23కి ముందు హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ కొన్న ప్రతి ఒక్కరికీ 50 డాలర్ల గిఫ్ట్ కార్డ్ ఇస్తామన్నారు, ఎవరూ కోర్టుకెళ్ళి అడగలేదు, వాళ్ళంతట వాళ్ళే. మీరు ఫోన్ ఎత్తట్లేదు, ఈ నెలలో నేను నాలుగుసార్లు చేశా.

మా నాన్నగారి సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. కొన్న రోజు రాత్రి మొదటి డిస్కు వేశాం. ఆయన కుర్చీ టీవీకి మూడడుగుల దూరంలోకి లాక్కుని కూర్చుని, కథ పట్టించుకోకుండా, ఒక సీన్‌లో దీపం వెలుగు గోడ మీద పడే చోట ఆపమన్నారు. రిమోట్‌తో ఆపా. చాలాసేపు చూశారు. నల్లగా ఉన్న చోట కూడా కోటు మడత కనిపిస్తోంది చూడు, ప్రింటులో ఇట్టా ఉంటుంది, అన్నారు. ఆరు డిస్కులూ రెండేసిసార్లు చూశారు. ఇప్పుడు రోజూ కొత్తవి ఏమైనా తెచ్చావా అని అడుగుతున్నారు, రేపు తెస్తా నాన్నా అంటున్నా. కొత్తవి ఇక రావని ఆయనకి ఇంకా చెప్పలేదు.

నేను కోరేది ఇది. ప్లేయరు, ట్రాన్స్‌ఫార్మరు, ఆరు డిస్కులు వెనక్కి తీసుకుని మా 28,100 మాకు ఇవ్వండి. లేదంటే మీ దగ్గరున్న బ్లూ-రే ప్లేయర్ ఇవ్వండి, దాని ధర ఎక్కువైతే తేడా నేను కడతా, ఈసారి ఇక్కడి 230 వోల్టుల పీస్ కావాలి, బ్లూ-రేల్లో మన దేశానికి సరిపోయే రీజియన్ సీ ఉండాలి, అది బిల్లు మీద రాసివ్వాలి. మీ బీరువాలో ఆ ప్లేయర్లు ఇంకా ఉంటే, దీని డిస్కులు ఇక రావు అని తెలుగులోనూ తమిళంలోనూ కనపడేలా రాసి పెట్టండి. వచ్చే వారం ఉగాది, మీరు మళ్ళీ ఆఫర్ బ్యానర్ కడతారు, ఇంకో ఇంటికి ఇదే పెట్టె వెళ్ళకూడదు.

ఈ లెటరు అందిన 15 రోజుల్లో మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రావాలి. రాకపోతే 1986 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా ఫోరంలో కేసు వేస్తాను, దానికి లాయరు కూడా అవసరం లేదు, కొన్న రోజు నుంచి రెండేళ్ళ దాకా టైముంది, బిల్లూ పెట్టె అట్టా ట్రాన్స్‌ఫార్మరూ అన్నీ జాగ్రత్తగా దాచి ఉంచా. అంత దూరం తెచ్చుకోరనే ఆశతో ఈ లెటరు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నా.

ఇట్లు,
మీ కస్టమర్,
వడపళని, చెన్నై.

జత: జనవరి 12 బిల్లు జిరాక్సు, షాపు వారంటీ కార్డు జిరాక్సు, ఫిబ్రవరి 24న మీ బ్రాంచి వాళ్ళు తేదీ వేసిచ్చిన ఫిర్యాదు స్లిప్పు.