ఎలినోర్ బట్లర్ కథ, మిగతా సగం

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోన్‌లో స్నేహితురాలి కోసం ఇల్లు విడిచిన ఐరిష్ దొరసాని ఎలినోర్ బట్లర్ సంగతి మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను కదా, మిగతాది తీరిగ్గా రాస్తున్నా. కాఫీ పెట్టుకుని కూర్చో.

ఆవిడ 1739లో పుట్టింది. ఐర్లాండ్‌లో కిల్కెన్నీ కోట వాళ్ళదే. చదువు ఫ్రాన్స్‌లో, కాంబ్రే కాన్వెంట్‌లో. పుస్తకాల పిచ్చి, ఎవరికీ తలొంచని స్వభావం. నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి లేదు. దాంతో తల్లి ఈవిణ్ణి సన్యాసినుల మఠంలో చేర్చేద్దామని పట్టుబట్టింది.

ఈవిడ ప్రాణ స్నేహితురాలు సారా పాన్సన్‌బీ. పదహారేళ్ళు చిన్నది, అమ్మానాన్నా లేరు. బంధువుల ఇంట్లో ఉంటే, ఆ ఇంటి యజమాని విలియం ఫౌన్స్ భార్య బతికుండగానే ఈ పిల్ల మీద కన్నేశాడు. ఇంకేముంది, 1778 మార్చి చివర్లో ఓ రాత్రి ఇద్దరూ మగవాళ్ళ బట్టలేసుకుని ఉడాయించారు. చేతిలో పిస్తోలు, వెంట ఫ్రిస్క్ అనే కుక్క! వాటర్‌ఫర్డ్ రేవులో ఓడ అందలేదు. కొట్టంలో దాక్కుని పట్టుబడ్డారు. సారాకి జ్వరం. ఎలినోర్ ఊరుకుంటుందా? మళ్ళీ ఇంట్లోంచి పారిపోయి, వెళ్ళి సారా గదిలోనే దాక్కుంది. పనిమనిషి మేరీ కారిల్ ఎవరి కంటా పడకుండా తిండి చేరవేసింది. చివరికి పెద్దవాళ్ళే విసిగి, పొమ్మన్నారు.

1780లో వేల్స్‌లోని లాంగోలెన్‌లో ఇల్లు తీసుకున్నారు. ఇక యాభై ఏళ్ళు అక్కడే. ఎలినోర్ డైరీ నిండా చదువు, తోట, వాన, నడక. సాయంత్రాలు సారాకి ఫ్రెంచి రచయిత రూసోని చదివి వినిపించేది. ఆ జీవితం మీద నాకు అసూయే, ఒప్పుకుంటా. అయితే ఎప్పుడూ అప్పులే. తండ్రి వీలునామాలో చిల్లిగవ్వ రాయలేదు మరి.

ఒక్కటి మాత్రం మింగుడు పడలేదురా. తన బతుకు తాను బతకాలని ఇల్లు విడిచిన మనిషి, పెళ్ళి కాకుండా కడుపుతో ఉన్న పనిపిల్లని పనిలోంచి తీసేసింది. పుస్తకాలు చదివినంత మాత్రాన దొరసానితనం పోదు. అదే మేరీ కారిల్‌ని చూడు, జీవితమంతా వీళ్ళకే చాకిరీ చేసి, 1809లో పోతూ తన సొమ్ముతో కొన్న పొలాన్ని సారాకి రాసింది. అందరూ స్నేహితురాళ్ళిద్దరి కథే చెబుతారు. నాకైతే ఆ ఇల్లు నిలబడింది మేరీ వల్లే అనిపిస్తుంది.

1790లో జనరల్ ఈవెనింగ్ పోస్ట్ అనే పేపరు వీళ్ళ మీద వెకిలిగా రాస్తూ, పొట్టిగా లావుగా ఉండే ఎలినోర్‌ని పొడుగాటి మగరాయుడిలా వర్ణించింది. దావా వేద్దామని పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్‌ని సలహా అడిగితే ఆయన వద్దన్నాడు. ఆ పేపరు తెప్పించుకోవడం మానేసి ఊరుకున్నారు.

పెద్దపెద్దవాళ్ళు చూడ్డానికి వచ్చేవారు. 1824లో ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ వచ్చి పద్యం రాశాడు గానీ, అందులో వాళ్ళ ఇంటిని చూరు దిగిన గుడిసె అనేశాడు. ఇద్దరికీ ఒళ్ళు మండి, ఇంతకంటే మంచి పద్యాలు మేమే రాసుకోగలం అన్నారట!

సరే, అమ్మగారిని అడిగానని చెప్పు. జవాబు వాట్సాప్‌లో రెండు ముక్కలు కాదు, ఉత్తరమే రాయి.

నీ
రవి