కొత్త పంట వచ్చేదాకా మా గానుగలో శనగనూనె లేదు

కావలిలో మా గానుగ దగ్గర నెలనెలా నూనె పట్టుకెళ్లే అందరికీ చెప్పేదేమంటే, రబీ శనక్కాయలు వచ్చేదాకా, అంటే మార్చి, ఏప్రిల్ దాకా, శనగనూనె, పల్లీల పొడి రెండూ ఆపేశాం. గానుగ చెడిపోయిందని, అమ్మేస్తున్నామని బజారులో అనుకుంటున్నారట. గానుగ బాగానే ఉంది, మేమూ ఇక్కడే ఉన్నాం. వచ్చిన గింజలే బాగాలేవు.

మాకు ఉదయగిరి వైపు నుంచి గింజలు తెచ్చే వ్యాపారి మా మామగారి కాలం నుంచీ తెలిసిన మనిషి. ఆయన మాటే మాకు రసీదు. ఈసారి లోడు దించాక బస్తా మధ్యలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. బాగా ఎండిన గింజ అలా ఉండదు. పైకి చూస్తే నిగనిగలాడుతోంది, బూజు వాసన కూడా లేదు. ఫోన్ చేసి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు, కాయల్ని ఒలిచే మిషన్‌లో పోసేముందు నీళ్లు చల్లించానని. ఎండుకాయ వేస్తే గింజ బద్దలవుతుంది, బద్దకు రేటు రాదు. తడిపితే గింజ ముక్క కాకుండా వస్తుంది, తూకం కూడా కాస్త పెరుగుతుంది. అలా ఒలిచాక మళ్లీ ఎండబెట్టాలి. వానలు పడుతున్నాయని ఆ పని మానేసి గోతాలు కుట్టించేశాడు. "ఏందమ్మా, అందరూ చేసేదే కదా" అన్నాడు. చాలామంది చేస్తారు, నిజమే. వాళ్ల దగ్గర కొనకుండా ఈయన దగ్గర ఎందుకు కొంటున్నామో ఈయనకు తెలియదా?

గింజల్ని ల్యాబ్‌కి పంపాను. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం హద్దుకు రెండింతలు దాటి ఉందని రిపోర్టు వచ్చింది. ఇంకా ఆడించాల్సిన గింజలకు మన దేశంలో పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేవాటికి 10. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో పదో పదిహేనో, అంతే. అంత కొంచానికి ఇంత టెన్షన్ ఎందుకని మా ఆయనే అడిగారు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు తేమ తగిలిన గింజ మీద పెరుగుతూ వదిలే విషం ఇది. రుచి ఉండదు, వాసన ఉండదు. కడిగితే పోదు, వేయించినా పూర్తిగా పోదు. బూజు దులిపేసినా విషం గింజలోనే ఉంటుంది. దెబ్బ పడేది కాలేయం మీద. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి కలిపిన మేత తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాకే దీని సంగతి బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవాళ్లకు కామెర్లు వచ్చి, పొట్టలు ఉబ్బి, వంద మంది దాకా పోయారు. అది ఒకేసారి ఎక్కువ తింటే జరిగేది. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎన్నో రెట్లు.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి. "సరుకు వెనక్కి పంపమ్మా, డబ్బులిచ్చేస్తా" అన్నాడు వ్యాపారి. న్యాయమే కదా అనిపిస్తుంది. కానీ వెనక్కి వెళ్లిన గింజలు ఎక్కడికి పోతాయి? ఇంకో గానుగకో, పల్లీచిక్కీ చేసేవాళ్లకో పోతాయి. "ఏం చేస్తావన్నా" అని అడిగితే "అది నీకెందుకు" అన్నాడు. పోనీ మేమే ఆడించి నూనె పారబోసి, తెలగపిండి గేదెలవాళ్లకు అమ్ముదామని ఇంట్లో ఒక మాట వచ్చింది. గానుగాడినప్పుడు విషంలో ఎక్కువ భాగం మిగిలేది ఆ పిండిలోనే. గేదె తింటే దాని ఒంట్లో మారి పాలలోకి వస్తుంది, కాచినా పోదు. పాలకూ హద్దు ఉంది, కిలోకు అర మైక్రోగ్రాము. మా దగ్గర పిండి కొనేవాళ్ల పాలే మా ఇంటికీ వస్తాయి.

చివరికి సరుకు పంపలేదు, డబ్బు వదులుకున్నాం. బస్తాలన్నీ ఇటుకల బట్టీకి తోలి, దగ్గరుండి కాల్పించాను. మూకుడు వేడికి లొంగని విషం బట్టీ వేడికి నిలవదు. మా ఆయన ఇప్పటికీ ముభావంగానే ఉన్నారు. వెనక్కి పంపి మన డబ్బు మనం తెచ్చుకుంటే తప్పేముంది అంటారు. నేనైతే మళ్లీ ఇదే చేస్తాను. ఆ వ్యాపారి దగ్గర ఇక కొనేది లేదు, ఎవరు మధ్యవర్తిత్వానికి వచ్చినా సరే.

మీరిప్పటిదాకా వాడిన నూనె సంగతి అడుగుతున్నారు. ఈ లోడులో ఒక్క గింజ కూడా గానుగ ఎక్కలేదు. దానికి ముందు లోడులో డబ్బాలో మిగిలిన గింజల్ని కూడా ల్యాబ్‌కి పంపాను, హద్దు లోపలే ఉన్నాయి. అంతకు ముందువాటికి నా దగ్గర కాగితం లేదు, లేనిది ఉందని చెప్పను.

"అదే రిఫైన్డ్ అయితే ఈ గొడవే లేదుగా" అని ఒకాయన నవ్వుతూ అన్నారు. కడుపు మండింది, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన అన్నది నిజమే. రిఫైనరీలో క్షారంతో కడిగి, మట్టితో రంగు తీసేటప్పుడు అఫ్లాటాక్సిన్ దాదాపు పోతుంది. గానుగ నూనెకు ఆ కడుగుడు లేదు. మడ్డి తేరాక కూడా కొంత మిగలొచ్చు. అందుకే మాకు గింజ దగ్గరే అంతా తేలాలి. ఇక మీదట కాయలే కొంటాం, తడపకుండా మా షెడ్డులోనే ఒలిపిస్తాం. బద్దలైతే కానివ్వండి, నూనెకు బద్ద అయితేనేం? ముడుచుకున్నవి, రంగు మారినవి చేత్తో ఏరిస్తాం. ప్రతి లోడుకూ టెస్టు చేయించి, రిపోర్టు కౌంటర్ పక్కన అంటిస్తాం. ఈ ఖర్చంతా ధర మీద పడుతుంది, బేరాలు మాత్రం ఆడకండి.

నువ్వుల నూనె, కొబ్బరినూనె మామూలుగానే ఉన్నాయి. శనగనూనెకు అడ్వాన్సు ఇచ్చినవాళ్లు వచ్చి ఆ డబ్బు వెనక్కి తీసుకోండి. కొత్త పంట దాకా ఉంచమన్నవాళ్ల పేర్లు పుస్తకంలో రాసుకున్నాను. గేదెలవాళ్లకు నువ్వుల తెలగపిండి ఉంది, ఆదివారం తప్ప ఎప్పుడైనా రావచ్చు.