కోడలు పిల్ల సెక్షన్ మార్పించకు బావా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా! అందుకే ఇలా తీరిగ్గా రాస్తున్నా. పిల్ల సెక్షన్ మార్చమని నువ్వు ప్రిన్సిపాల్‌కి రాసి పెట్టుకున్న అర్జీ మాత్రం ఇది చదివేదాకా పంపకు.

ముందు నీ అనుమానాలు తీర్చేస్తాను. ఇక్కడ చెన్నైలో నేను పాఠాలు చెప్పే ఇంజినీరింగ్ కాలేజీలో కోడలు పిల్లని వేసిన ఆ ‘లెర్నింగ్ కమ్యూనిటీ’కి వేరే ఫీజేమీ లేదు. అది ట్యూషన్ కాదు, వెనకబడ్డవాళ్ళ సెక్షన్ అంతకన్నా కాదు. ఫస్టియర్ పిల్లల్ని ఇరవైమంది చొప్పున జట్లు చేసి, లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లీషు మూడింటికీ ఆ ఇరవైమందినే కలిపి కూర్చోబెడతాం. వారంలో రెండు సాయంత్రాలు అదే జట్టు ఒక గదిలో చేరి లెక్కలు చేస్తుంది. సెకండియర్ సీనియర్ ఒకరు నడిపిస్తారు. పాఠం చెప్పే మేం ముగ్గురం శుక్రవారం టీ దగ్గర కలిసి, ఎవరు రావట్లేదు, ఎవరు ఎక్కడ ఆగిపోయారు అని మాట్లాడుకుంటాం. అంతే సంగతి.

‘ఎంసెట్‌లో అంత మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల, అడిగిందే అడిగేవాళ్ళ మధ్య కూర్చుని టైమ్ వేస్ట్ చేసుకుంటోంది’ అని రాశావు. ఆ రోజు వెనక బెంచీలో నేనూ ఉన్నాను. జరిగింది చెబుతా విను.

సీనియర్ పిల్ల బోర్డు మీద చిన్న మ్యాట్రిక్స్, అంటే అంకెల్ని వరసలుగా పేర్చిన చదరం, రాసింది. పై వరసలో 4, 1. కింద 2, 3. ఐగెన్ విలువలు, అంటే ఆ మ్యాట్రిక్స్ నుంచి లెక్కగట్టే రెండు ప్రత్యేకమైన అంకెలు, చెప్పమంది. ఆమె చాక్‌పీస్ కింద పెట్టకముందే మన పిల్ల ‘5, 2’ అనేసింది. కరెక్టే. వికర్ణం మీది 4, 3 కూడితే మొత్తం 7, డిటర్మినెంట్ (4, 3 గుణించి, అందులోంచి 1, 2 గుణించింది తీసేస్తే వచ్చేది) 10, కూడితే 7 గుణిస్తే 10 వచ్చే అంకెలేవి? మూడు గంటల్లో నూట అరవై ప్రశ్నలు చేయడం నేర్చుకున్న పిల్లకి అదెంతసేపు. పక్కనే మధురై నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. ‘వికర్ణం కూడితే ఐగెన్ విలువల మొత్తం ఎందుకు రావాలి?’ అని అడిగింది. ‘ఫార్ములా అది’ అంది మనది. ‘అదే, ఎందుకు?’ అంది ఆ పిల్ల. మన పిల్ల మొహం ఎర్రబడింది. ఆ రాత్రే మీకు ఫోన్ చేసి ఏడ్చి ఉంటుంది.

తర్వాత జరిగింది మీకు చెప్పిందో లేదో. కడలూరు కుర్రాడొకడు లేచి అంకెలు చెరిపేసి అక్షరాలు పెట్టాడు. డిటర్మినెంట్ విప్పితే లాంబ్డా (కనుక్కోవాల్సిన ఐగెన్ విలువకి పెట్టే గుర్తు) పక్కన ఆ వికర్ణం మొత్తమే మైనస్ గుర్తుతో వచ్చి కూర్చుంది. మన పిల్ల కాసేపు బోర్డు వంకే చూసి, ‘మరి మూడు వరసల మ్యాట్రిక్స్‌కి కూడా వస్తుందా?’ అని తనే అడిగింది. గంట కొట్టినా ఆ నలుగురూ కదల్లేదు. నీకిది టైమ్ వేస్ట్, నాకు ఆ వారం మొత్తానికి పనికొచ్చిన గంట అదే.

మన పిల్లల తప్పేం లేదురా. ఇంటర్ రెండేళ్ళు వాళ్ళు చూసిన స్టడీ అవర్ ఎలాంటిది? హాల్లో వరసగా బెంచీలు, పచార్లు చేసే వార్డెన్, పక్కవాడి పుస్తకం వైపు తల తిప్పితే తిట్లు. పైగా వారం వారం ర్యాంకుల లిస్టు. పక్కవాడు పోటీదారే తప్ప తోడు కాదు. అలా పెరిగిన పిల్లని తీసుకొచ్చి ‘నలుగురితో కలిసి చదువుకో తల్లీ’ అని సలహా ఇస్తే ఏం లాభం? కలిసి చదివే గంటని టైమ్‌టేబుల్లోనే పెట్టాలి.

‘హాస్టల్లో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదా, అది చాలదా’ అంటావు. ఉన్నారు. మెస్సులో తెలుగు బల్ల వేరే, ఆదివారం ఆంధ్రా భోజనానికి అందరూ ఒకే గుంపు. పరీక్ష దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరి గది తలుపు వాళ్ళు వేసుకుంటారు. 1970లలో అమెరికాలో, బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కలాయన కనిపెట్టింది అచ్చం ఇదే. నల్లజాతి పిల్లలు కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారో తెలుసుకుందామని ఇరవైమంది నల్లజాతి పిల్లల్నీ, ఇరవైమంది చైనా మూలాల పిల్లల్నీ చదువుకునేటప్పుడు దగ్గరుండి గమనించాడు. శ్రద్ధ లేక కాదు, ఇంట్లో చదువు విలువ తెలియక కాదు. నల్లజాతి పిల్లలు కష్టపడే చదివేవారు, కాకపోతే ఒంటరిగా. స్నేహాలు వేరు, చదువు వేరు. చైనా పిల్లలు ముందు ఎవరికి వాళ్ళు చేసుకుని, తర్వాత కలిసి జవాబులు సరిచూసుకునేవారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకునేవారు. ఆయన పెట్టిన వర్క్‌షాపులో తేలిక లెక్కలు ఇవ్వలేదు, మామూలు క్లాసు కన్నా కష్టమైనవే ఇచ్చాడు. మార్కులు పెరిగాయి.

‘వీక్ స్టూడెంట్స్’ అని ముద్ర వేసి వేరే గదిలో కూర్చోబెట్టే పద్ధతి అంటే నాకు ఒళ్ళుమంట. 1973లో అమెరికాలోనే మిస్సోరీ యూనివర్సిటీ కాన్సస్ సిటీ క్యాంపస్‌లో ఒక మంచి పని చేశారు. కష్టపడుతున్న పిల్లల్ని ఏరకుండా కష్టమైన సబ్జెక్టుల్ని ఏరి, వాటికి సీనియర్లతో అదనపు గంటలు పెట్టారు, ఇష్టమున్నవాళ్ళు ఎవరైనా రావచ్చని. ఫస్టు ర్యాంకువాడూ అక్కడే కూర్చుంటే మిగతావాళ్ళకి సిగ్గేముంటుంది?

ఇదంతా కొత్తదీ కాదు. మెయికిల్‌జాన్ అనే విద్యావేత్త 1927లోనే అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో పిల్లల్నీ మేష్టార్లనీ ఒకే కప్పు కింద పెట్టి, మొదటి ఏడాదంతా ప్రాచీన ఏథెన్స్, రెండో ఏడాది అమెరికా, ఇలా చదివించాడు. ఆ ప్రయోగం 1932లో మూతపడింది. ఇలాంటివి నిలబెట్టడం కష్టమే. మాకూ తలనొప్పులున్నాయి. టైమ్‌టేబుల్ వేసే ఆయన నన్ను చూస్తే తప్పుకుని పోతాడు. కొందరు లెక్చరర్లు ఆ సాయంత్రం గంటని కూడా సిలబస్ పూర్తి చేయడానికి వాడేస్తారు. మేష్టార్లు మాట్లాడుకోకపోతే అది కొత్త పేరు పెట్టిన పాత సెక్షనే.

మొదట్లో జరిగిన ఇండక్షన్ సరిపోదా అన్నావు. కొత్తగా చేరినవాళ్ళ కోసం ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ చదువుల్ని చూసే కేంద్ర సంస్థ) వాళ్ళు చెప్పిన మూడు వారాల కార్యక్రమం అది. యోగా, ఆటలు, మానవ విలువలు, ఊరు చూపించడం, బాగానే ఉంటుంది. కానీ పెళ్ళి సందడిలా అది అయిపోయాక ఇల్లు బోసిపోతుంది, అరవైమంది సెక్షన్లో ఎవరు ఎవరో తెలీదు. అసలు అవసరం అప్పుడే మొదలవుతుంది, మొదటి ఇంటర్నల్స్, అంటే కాలేజీ తనే పెట్టే పరీక్షల ముందు.

చెల్లెమ్మకి సీనియర్లంటే భయం కదా. ర్యాగింగ్ మీద తమిళనాడులో 1997లోనే చట్టం వచ్చింది, యూనివర్సిటీల్ని చూసే కేంద్ర సంస్థ యూజీసీ నిబంధనలు 2009 నుంచి ఉన్నాయి. అయినా ఆ సీనియర్ పిల్లని నేనే ఎంపిక చేశాను, వాళ్ళమ్మ మా వీధిలోనే ఉంటుంది. టెన్షన్ పడొద్దని చెప్పు.

మొదటి ఇంటర్నల్స్ అయ్యేదాకా ఇంటికి పిలిపించకండి. దసరాకి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తుంది, టికెట్ మాత్రం ఇప్పుడే తీసిపెట్టు. వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను, ఆ మధురై అమ్మాయిని కూడా. ఈసారి ఎవరైనా ఇటు వస్తుంటే ఆవకాయ పంపించు, పోయినసారిది హాస్టల్ చేరకముందే మా ఇంట్లోనే సగం ఖాళీ అయింది.

ఇక ఉంటాను.

నీ బావ
చెన్నై