గేమ్ క్యాసెట్ల మీద నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ ఇంటి చిట్కాల శీర్షికలో, ప్లాస్టిక్ వస్తువుల మీద మార్కర్ గీతలు పోవాలంటే నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవమని రాశారు. పాత వీడియో గేమ్ క్యాసెట్లు కొనేవాళ్లు ఆ మాట నమ్మితే క్యాసెట్ పాడవుతుంది. చాలా రిమూవర్లలో ఉండేది అసిటోన్ అనే ద్రావకం. క్యాసెట్ డొప్ప ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్. అసిటోన్ తగలగానే ఏబీఎస్ పైపొర కరిగి జిగురవుతుంది. ఆరాక ఆ చోటు మచ్చ కడుతుంది, అచ్చులో వచ్చిన సన్నని గరుకుదనం పోయి మళ్లీ రాదు. దయచేసి సవరణ వేయండి.

చెన్నైలో రిచీ వీధిలోనో, మూర్ మార్కెట్ దగ్గరో దొరికే పాత క్యాసెట్ మీద నల్ల మార్కర్‌తో రాసిన ధర, పాత స్టిక్కర్ల జిగురు, చేతుల జిడ్డు మామూలే. వీటిలో దేనికీ అసిటోన్ అక్కర్లేదు.

పర్మనెంట్ మార్కర్ సిరాలో రంగు ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే రెసిన్ ఉంటుంది. రెండూ ఆల్కహాల్ వంటి ద్రావకంలో కరిగి ఉంటాయి. రాసిన కాసేపటికి ద్రావకం ఆవిరై రెసిన్ గట్టిపడుతుంది. అందుకే గీత సబ్బునీళ్లకు లొంగదు, ఆల్కహాల్ తగిలితే మళ్లీ కరుగుతుంది. కావలసింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దుకాణాల్లో ఐపీఏ అంటారు. సర్క్యూట్ బోర్డులు తుడవడానికి అమ్మే 99 శాతం రకం మేలు. 70 శాతం రకంతో డొప్ప శుభ్రపడుతుంది కానీ మిగతాది నీళ్లు కాబట్టి పిన్నులకు, అంటే మెషీన్లోకి దూరే అంచున ఉండే లోహపు పట్టీలకు, తగదు. శానిటైజర్ జెల్ అసలే వద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డులా మిగిలిపోతుంది. ఐపీఏ ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి, దేవుడి దీపం ఉన్న గదిలో సీసా మూత తీయకండి.

దూదిని తడిపి, పిండి, గీత మీద 10 సెకన్లు అదిమి ఎత్తేయాలి. ప్రతిసారీ దూది కొత్త వైపు తిప్పాలి. అటూ ఇటూ రుద్దితే కరిగిన సిరా గరుకులోకి దిగి, చిన్న గీత కాస్తా బూడిదరంగు మబ్బులా పరుచుకుంటుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. డొప్ప మీది గాడుల్లో మిగిలినదానికి మెత్తని టూత్‌బ్రష్ చాలు. ఐపీఏ దొరకకపోతే వైట్‌బోర్డ్ మార్కర్‌తో ఆ గీత మీదే దిద్ది, తడి ఆరకముందే పొడి గుడ్డతో తుడిస్తే పాత సిరా కూడా చాలావరకు వచ్చేస్తుంది. మ్యాజిక్ స్పాంజి, టూత్‌పేస్టు మరకను కరిగించవు, ప్లాస్టిక్‌ను అరగదీస్తాయి. ఏళ్ల తరబడి ఉన్న సిరా ప్లాస్టిక్‌లోకి ఇంకి లేత ఊదా నీడలా మిగలొచ్చు. మొటిమల మందు బెంజాయిల్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే అది తగ్గుతుంది గానీ, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కూడా వెలిసిపోతుంది. రంగు క్యాసెట్ అయితే ఆ నీడను అలాగే ఉంచడం నయం.

లేబుల్ సంగతి వేరు. పైన నిగనిగలాడే పూత ఉంటే ఇయర్‌బడ్ కొనను ఐపీఏలో ముంచి, గీత మీద మాత్రమే ఒక్కసారి ఒత్తి వెంటనే పొడి గుడ్డతో అద్దాలి. ముందు ఒక మూలన పరీక్షించండి. దూదికి లేబుల్ రంగు అంటిందంటే అక్కడితో ఆపేయాలి. పూత లేని కాగితంలో ఇంకిన సిరా రాదు, పట్టుబట్టి తుడిస్తే బొమ్మే పోతుంది. ఎప్పుడో ఒక పిల్లవాడు ఆ క్యాసెట్ తనదని రాసుకున్న పేరైతే దాన్ని చెరపడానికి నాకు మనసొప్పదు.

స్టిక్కర్ జిగురుకు కొబ్బరినూనె రాసి అరగంట ఆగి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నెట్టాలి. లేబుల్‌కు మాత్రం నూనె తగలనీయకూడదు.

డొప్పను కడగాలంటే ముందు లోపలి బోర్డు తీయాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించే 60 పిన్నుల నకలు క్యాసెట్లలో చాలావాటికి స్క్రూలుండవు. రెండు డొప్పలూ కొక్కేలతో పట్టుకుని ఉంటాయి, ప్లాస్టిక్ కార్డు దూర్చి అంచు వెంబడి మెల్లగా విప్పాలి. నింటెండో అసలు గేమ్‌బాయ్, సూపర్ నింటెండో క్యాసెట్లకు 3.8 మి.మీ. గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ మొన కావాలి. బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ ఉంటే కదపకండి. అది ఊడితే క్యాసెట్‌లో దాచుకున్న ఆటంతా చెరిగిపోతుంది. మగ్గు గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, లేబుల్ తడవకుండా తుడిచి, ఒక రోజు నీడన ఆరనివ్వాలి.

డొప్ప కంటే ముఖ్యమైనవి పిన్నులు. చెన్నై ఉప్పుగాలికి రాగి మీద పచ్చ చిలుము పడుతుంది, పైన బంగారు పూత పలచబడిన చోట అది ఇంకా త్వరగా వస్తుంది. ఒక్క పిన్ను అందకపోయినా బొమ్మలు గళ్లుగళ్లుగా చెదురుతాయి, లేదా తెర ఉత్తిగా నిలిచిపోతుంది. నోటితో ఊదితే ఉమ్మి తడి చేరి చిలుము పెరుగుతుంది. ఊది మళ్లీ పెట్టగానే ఆడుతుందంటే, తీసి పెట్టడంలో పిన్నులు కాస్త రాసుకుని శుభ్రపడటమే కారణం. 99 శాతం ఐపీఏలో ముంచిన ఇయర్‌బడ్‌ను పిన్నుల పొడవునా, పైనుంచి కిందికి నడపాలి. నలుపు అంటడం ఆగేవరకు బడ్లు మార్చాలి. రెండు వైపులా చేసి 15 నిమిషాలు ఆరనివ్వాలి. మొండి మచ్చలకు పెన్సిల్ రబ్బరు తేలిగ్గా వాడొచ్చు, పొడి దులిపి మళ్లీ ఐపీఏ పెట్టాలి. పెన్ను గీతలు చెరిపే గరుకు రబ్బరు, గరుకు కాగితం, ఇత్తడి పాలిష్ వాడితే బంగారు పూత పోతుంది. పూత పోయిన పిన్నులకు చిలుము ఇంకా తొందరగా పడుతుంది. కొత్తగా కొన్నదాన్ని తుడవకుండా మెషీన్లో పెట్టకండి. దాని మురికి మెషీన్లో క్యాసెట్ దూర్చే స్లాటుకు అంటి, మిగతా క్యాసెట్లన్నిటికీ పాకుతుంది.

అమ్మేవాళ్లకు ఒక విన్నపం. ధరను డొప్ప మీద మార్కర్‌తో రాయకండి. కాగితపు మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి వెనకవైపు ప్లాస్టిక్ మీద అంటించండి. లేబుల్ మీద అంటిస్తే పీకేటప్పుడు కాగితం పొర కూడా ఊడి వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చింతాద్రిపేట, చెన్నై