హెల్మెట్ తీశాక క్రాఫు సరిచేసుకోవచ్చు

సంపాదకులు గారికి,

నమస్కారం. కాకినాడలో మా నాన్నగారి నుంచి వచ్చిన సెలూన్ నడుపుతున్నాను. హెల్మెట్ లేకుండా పట్టుబడ్డ కుర్రాళ్ల వార్తలు మీ జిల్లా పేజీలో తరచూ చదువుతుంటాను. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక దీనికి వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్స్‌పై వేటు కూడా ఉంది. అయినా ఎందుకు పెట్టుకోరని నా దగ్గర కటింగ్‌కు కూర్చున్న కాలేజీ పిల్లలను అడిగితే, ఎక్కువ మంది చెప్పేది ఒకటే: "జుట్టు అణిగిపోతుంది బాబాయ్." ఇది జుట్టు పని చేసేవాళ్లం జవాబు చెప్పాల్సిన మాట. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు పిల్లలు అడిగేది మెస్సీ లుక్. చెదిరినట్టు ఉండాలి, కానీ నిద్ర లేచి వచ్చినట్టు ఉండకూడదు. నాన్నగారి కాలంలో బ్రిల్‌క్రీమ్ రాసి, పాపిడి తీసి, నున్నగా మెరిసేలా దువ్వేవారు. 1928లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన క్రీమ్ అది, జుట్టు అణిగి ఉండటానికే తయారైంది. తర్వాత స్పైక్స్ వచ్చాయి, వాటితో జెల్ వచ్చింది. పిల్లలకు ఇప్పుడు కావలసిన క్రాఫు మారింది గానీ ఫ్యాన్సీ షాపులో చేయి మాత్రం ఇంకా జెల్ ట్యూబు మీదికే పోతోంది. చిక్కంతా అక్కడే ఉంది.

జెల్ ఆరిపోతూ వెంట్రుకల మీద పల్చటి పొరలా గట్టిపడుతుంది. ఆ పొర మీద హెల్మెట్ నొక్కితే అది విరుగుతుంది, తెల్లటి పొట్టు రాలుతుంది. చాలామంది దాన్ని చుండ్రు అనుకుని చుండ్రు షాంపూ కొంటున్నారు. విరిగిన పొర మళ్లీ తడి చేస్తే తప్ప అతకదు. అందులోనూ మన సముద్రపు ఊళ్ల ఉక్కపోతలో హెల్మెట్ లోపల పట్టే చెమటకు జెల్ కరిగి నుదుటి మీదికి, కళ్లలోకి కారుతుంది. ఆ మంటకు బండి మీద కళ్లు మూసుకునే పిల్లవాడిని తలచుకుంటే నాకు భయం వేస్తుంది.

మెస్సీకి పనికొచ్చేది మ్యాట్ క్లే, లేదా మ్యాట్ పేస్ట్. క్లేలో కేయోలిన్, బెంటోనైట్ లాంటి మట్టి, కొంత మైనం కలిసి ఉంటాయి. మట్టి జిడ్డును పీల్చి మెరుపు లేకుండా చేస్తుంది. మైనం జెల్ పొరలా బిగుసుకోదు కాబట్టి సాయంత్రం వరకు వేళ్లతో ఎన్నిసార్లయినా మళ్లీ లేపుకోవచ్చు. హెల్మెట్‌తో తిరిగేవాళ్లకు ఇంతకంటే అనువైన స్టైల్ లేదని నా గట్టి అభిప్రాయం. నున్నగా దువ్విన తల చెదిరితే పాడవుతుంది, చెదిరినట్టు ఉండాల్సిన తలకు ఆ బెంగ లేదు.

అయితే అసలు పని డబ్బా మూత తీయకముందే ముగియాలి. పైన రెండున్నర, మూడు అంగుళాల జుట్టు ఉంచి, చివర్లను కత్తెర మొనతో ఎగుడుదిగుడుగా కత్తిరించమని అడగండి. ఒకే పొడవున కోసిన జుట్టు ఎంత క్లే పూసినా చాపలా పడుకుంటుంది. తలస్నానం చేశాక తువ్వాలుతో అద్ది, కొద్దిపాటి తేమ మిగిలి ఉండగా వేళ్లతో కుదుళ్లను పైకి లేపుతూ ఆరబెట్టాలి. ఫ్యాను గాలి చాలు, డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడి మీద పెట్టండి. తడిసిన వెంట్రుక ఆరేటప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపే నిలుపుకుంటుంది. సగం స్టైల్ ఇక్కడే వస్తుంది.

తర్వాత బఠాణీ గింజంత క్లే తీసుకుని, అరచేతుల్లో కనపడకుండా పోయేదాకా రుద్దాలి. మొదట తల వెనక భాగంలో పట్టించి, చివరగా నుదుటి వైపు రావాలి, ఎందుకంటే చేయి మొదట తగిలిన చోటే ఎక్కువ అంటుకుంటుంది. దువ్వెన ముట్టుకోవద్దు. బండి మీద వెళ్లేవాళ్లు ఇంట్లో ఆరబెట్టుకోవడంతో ఆపేసి, హెల్మెట్ కింద పల్చటి నూలు టోపీ పెట్టుకుని, కాలేజీకి చేరాక క్లే రాసుకోవడం ఇంకా మంచిది. చిన్న డబ్బా బ్యాగులో పడుతుంది, రెండు నిమిషాల పని.

అమ్మ పొద్దున్నే కొబ్బరినూనె రాసిన తల మీద క్లే నిలవదు. నూనె ముందు రోజు రాత్రికి పెట్టుకోండి. జుట్టు పల్చగా ఉన్నవాళ్లు మైనం ఎక్కువున్నవి కొనవద్దు, బరువుకు మాడు కనపడుతుంది. రింగుల జుట్టు వాళ్లకు క్లే కంటే తడి మీద రాసే క్రీమ్ నప్పుతుంది. సీ సాల్ట్ స్ప్రే కూడా చాలామంది అడుగుతున్నారు. ఉప్పు బోరు నీళ్లతో స్నానం చేసి అప్పటికే గరుకెక్కిన జుట్టు మీద మళ్లీ ఉప్పు నీళ్లెందుకు?

కొనేటప్పుడు డబ్బా వెనక్కి తిప్పి చదవమని బతిమాలుతున్నాను. పదార్థాల జాబితాలో ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు రాస్తారు. మొదట్లోనే పెట్రోలేటమ్, అంటే వ్యాజిలీన్ లాంటి జిడ్డు, ఉంటే అది మెరుస్తుంది, ఒక్క షాంపూతో వదలదు. నీరు, అంటే ఆక్వా, ముందుండి తర్వాత మైనం, కేయోలిన్ కనిపిస్తే కడగడం తేలిక. పీవీపీ అని ఉంటే అది జెల్‌లా పొరకట్టి గట్టిపడే రకం. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, ఏ తేదీలోగా వాడాలన్నది తప్పకుండా ఉండాలి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ చెప్పేది అదే. చిరునామా లేని డబ్బా చవకగా వచ్చిందని కొన్న ఒక కుర్రాడు నుదురంతా ఎర్రగా కందిపోయి నా దగ్గరికి వస్తే, చర్మం డాక్టరు దగ్గరికి పంపాల్సి వచ్చింది. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి. రాత్రి కడుక్కోకుండా పడుకుంటే ఆ జిడ్డు తలగడకు, నుదుటికి అంటుతుంది. జుట్టు అంచున వచ్చే ఆ మొటిమలకు డాక్టర్లు పొమేడ్ యాక్నీ అని పేరే పెట్టారు.

మా షాపులో మెస్సీ కటింగ్ అయ్యాక పిల్లవాడి చేత అతని హెల్మెట్ పెట్టించి, తీయించి, అద్దం ముందు వేళ్లతో ఎలా లేపుకోవాలో చూపిస్తున్నాను. మిగతా సెలూన్ల వాళ్లను కూడా ఇది చేయమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీ యువ పేజీలో ఈసారి హెయిర్‌స్టైల్ ఫొటోలు వేసేటప్పుడు, హెల్మెట్ తీసిన తర్వాత తీసిన ఫొటో కూడా ఒకటి వేయండి.

ఇట్లు,
ఒక సెలూన్ యజమాని,
కాకినాడ